నర్సరీ చెరువు డైరీ: పచ్చనీళ్లు, ఖాళీ కడుపులు

కైకలూరు దగ్గర, కొల్లేరు అయిదో కాంటూరు (సరస్సు అభయారణ్యం హద్దు) బయట, మాకు అర ఎకరం నర్సరీ చెరువు ఉంది. అందులో స్పాను వేసి పిల్ల తీసిన లెక్క ఇది. స్పాను అంటే గుడ్డులోంచి వచ్చి మూడు రోజులైన, ఆరు మిల్లీమీటర్ల చేప. పదిహేను ఇరవై రోజుల్లో అది అంగుళం పిల్ల కావాలి. పెద్ద చెరువులో పోయే చేపలు కంటికి కనిపిస్తాయి. ఇక్కడ లక్షలు పోయినా ఒక్కటీ తేలదు, అందుకే కొలతలు రాసిపెట్టడం మొదలుపెట్టాం.

మీ చెరువుకు లెక్క మార్చుకోవడానికి: అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు, సగటు లోతు ఒక మీటరు. హెక్టారుకు చెప్పే మోతాదు ఏదైనా అయిదుతో భాగిస్తే మా చెరువుకు సరిపోతుంది.

దశ 1: ఎండు, సున్నం, నీరు

1. నేల బీటలు వారేదాకా ఎండబెట్టాం.
2. పైపైన దున్ని 50 కిలోల సున్నం చల్లాం.
3. తూముకు సన్న గుడ్డ సంచి కట్టి బోదె నీరు తోడాం.

ఎండబెట్టే వీలు లేని చెరువులో పనికిరాని చేపలు చావడానికి ఇప్పచెక్క వేస్తారు. మీటరు లోతుకు హెక్టారుకు 2,500 కిలోలు, అంటే మాకైతే 500. దాని విషం విరగడానికి రెండు మూడు వారాలు ఆగాలి. ఎండితే ఆ ఖర్చూ లేదు, ఆగే పనీ లేదు.

నీరు ఎప్పుడు తోడాలన్నది కొల్లేరు పక్కన వాళ్లకు వేరే లెక్క. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. కొన్ని బోదెల్లో నీళ్లు నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే కాలవ నీరు బాగా దిగేదాకా, అంటే జులై వచ్చేదాకా, మోటారు ఆన్ చేయలేదు.

తూము సంచి మొదటి రాత్రే చిరిగింది. గుర్రపు డెక్క వేర్లు వచ్చి సంచిని మూసేశాయి, వెనక నీటి బరువుకి కుట్టు విడిపోయింది. తెల్లారేసరికి గొరక పిల్లలూ, రెండు కొర్రమేను పిల్లలూ లోపలున్నాయి. స్పాను మధ్య ఒక్క కొర్రమేను పిల్ల ఉన్నా చాలు, తినేస్తుంది. లాగుడు వల వేసి చెరువంతా జల్లించాం. ఇప్పుడు బయట వెదురు తడిక, దాని లోపల పొడవాటి గుడ్డ సంచి. తడిక డెక్కను ఆపుతుంది. సంచి పొడవు పెరిగేసరికి నీరు పారే జాగా పెరిగి కుట్టు మీద బరువు తగ్గింది.

ఖర్చు: దున్నకం, గట్టు పని 3,500, సున్నం 600, డీజిలు 1,900, సంచి గుడ్డ 350.
ఇప్పటివరకు: రూ. 6,350

దశ 2: కొలిచే సామాను

ఈ దశ మీద అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం పోయింది. కానీ తర్వాత తప్పిన లెక్కలన్నీ ఇక్కడివే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

*ప్లాంక్టన్ వల.* నీటిలో తేలే సన్నటి నాచు, జీవాలే ప్లాంక్టన్, స్పాను మేత అందులోనే. దాన్ని పట్టడానికి దోమతెర గుడ్డ పనికిరాదు, కన్ను మరీ పెద్దది. వాయిల్ గుడ్డతో కుట్టి చూశాం. పోగులు తడిసి పక్కకు జరిగి, ఒకచోట మూసుకుపోయి ఒకచోట విచ్చుకున్నాయి. విజయవాడలో స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకు అమ్మే గుడ్డ రెండు రకాలు తెచ్చాం. సెంటీమీటరుకు 77 పోగులున్న దాని కన్ను సుమారు 80 మైక్రాన్లు, 120 పోగులున్న దానిది 50కి దగ్గర. 77లోంచి చిన్న రోటిఫర్లు (కంటికి ఆనని నీటి జీవులు) జారిపోతున్నాయి. 120 అయితే పట్టుకుంటుంది, కానీ నాలుగో బకెట్‌కే నాచు పట్టేసి నీరు వల అంచు మీదుగా పొర్లింది. పొర్లిన నీరు వడకట్టినట్టు కాదు, ఆ రోజు అంకె కొట్టేశాం.

గుడ్డ మార్చకుండా ఆకారం మార్చాం. 30 సెం.మీ. రింగుకు 45 సెం.మీ. గరాటా ఉండేది. దాన్ని 90 సెం.మీ. చేశాం. 50 లీటర్లూ ఆగకుండా దిగుతున్నాయి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లలో తిరగేసి కడగాలి. ఎండలో ఆరేస్తే గుడ్డ గట్టిపడుతుంది, నీడలోనే.

*డిస్కు.* నీరు ఎంత చిక్కబడిందో చూసేది. 20 సెం.మీ. రేకు, నలుపు తెలుపు నాలుగు ముక్కలుగా రంగు. నీట్లోకి దింపుతూ అది కనిపించడం మానేసిన లోతు ఒకటి, పైకి తెస్తూ మళ్లీ కనిపించిన లోతు ఒకటి, రెండింటి సగటు. తాడుతో వేలాడదీస్తే గాలికి రేకు పక్కకు వాలి నాలుగైదు సెంటీమీటర్లు తేడా వచ్చేది. పైగా తడిసిన తాడు సాగింది. తాడు తీసేసి గీతలు గీసిన పీవీసీ గొట్టానికి బిగించాం. పది గంటల నుంచి రెండింటి లోపు, మన నీడలో కొలవాలి. నర్సరీకి 25 నుంచి 40 సెం.మీ. బాగుంటుందని అందరూ చెప్పేదే.

*గొట్టం.* అడుగున గీతలున్న 50 మి.లీ. గొట్టం. 50 లీటర్లు వడకడితే మిగిలింది అందులో పోసి, నాలుగైదు చుక్కల ఫార్మలిన్ వేసి, అరగంట కదపకుండా ఉంచాలి. స్పాను వేసేందుకు ప్లాంక్టన్ 1 నుంచి 2 మి.లీ. ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత.

*కాగితం మైక్రోస్కోపు.* స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్. 140 రెట్లు చూపిస్తుంది, ఫోను కెమెరాకు అతికించుకోవచ్చు. దీన్ని సరదాకి కొన్నాం. ఆఖరికి అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఇంకో గొడవ, నీరు ఎక్కడ ముంచామన్నది. పడమటి గాలి వీస్తున్న రోజు తూర్పు గట్టు దగ్గర ముంచితే 2.6 వచ్చింది, పడమర గట్టు దగ్గర 0.9. చెరువు ఒక్కటే, గంట ఒక్కటే. అప్పటినుంచి నాలుగు మూలలా, నడుమనా, చోటుకు 10 లీటర్లు. ఎప్పుడూ ఉదయం ఏడింటికే. పొద్దెక్కితే జంతు ప్లాంక్టన్ కిందికి దిగిపోతుంది, పదకొండింటికి ముంచిన నీటిని ఏడింటి నీటితో పోల్చలేం.

ఖర్చు: వల గుడ్డ, రింగు, గొట్టాలు, డిస్కు, మైక్రోస్కోపు, ఆక్సిజన్–పీహెచ్ కిట్టు కలిపి 3,600.
ఇప్పటివరకు: రూ. 9,950

దశ 3: మొదటి విడత

ఇక్కడ ఎక్కువమంది చేసేదే చేశాం: కాస్త పేడ, 8 కిలోల యూరియా, 12 కిలోల సూపర్ ఫాస్ఫేట్.

ఎరువు వేసిన 3వ రోజు: డిస్కు 48 సెం.మీ., గొట్టం 0.6 మి.లీ.
5వ రోజు: డిస్కు 30, గొట్టం 1.5
6వ రోజు: డిస్కు 22, గొట్టం 2.4, తెల్లవారుజామున ఆక్సిజన్ 3.6 పీపీఎం, పీహెచ్ తెల్లవారుజామున 8.1, మధ్యాహ్నం మూడింటికి 9.4

"నీళ్లు పచ్చబడ్డాయిరా, ఇంక దేనికి చూడ్డం, వేసెయ్" అన్నాడు బాబాయి. గొట్టం కూడా ఆయన మాటే చెప్పింది. 6 లక్షల స్పాను తెచ్చాం, శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. సంచులు నీటి మీద ఇరవై నిమిషాలు తేలనిచ్చి, చెరువు నీరు కొద్దికొద్దిగా కలిపి వదిలాం. మేత వేరుశనగ చెక్క, తవుడు సగం సగం. 10 లక్షలకు రోజుకు 6 కిలోల లెక్కన మొదటి అయిదు రోజులూ 3.6 కిలోలు, తర్వాత రెట్టింపు.

స్పాను వేసిన నాలుగో రాత్రి గట్టు వారన టార్చి వేస్తే వెలుతురులోకి వచ్చే స్పాను మొదటి రాత్రికంటే బాగా తగ్గిపోయింది. నీటి మీద చచ్చినవి ఒక్కటీ లేవు.

తొమ్మిదో రోజుకు ముసురు పట్టి ఎండ లేదు. పదో రోజుకు నీరు తిరగబడింది. పచ్చ రంగు పోయి గోధుమ రంగు, డిస్కు 55కి దిగింది, తెల్లవారుజామున ఆక్సిజన్ 1.2. ఏరేటరు రాత్రంతా తిప్పాం.

పట్టుబడి రోజు గిన్నె లెక్క: గిన్నెకు సగటున 420, మొత్తం 200 గిన్నెలు. 84,000 పిల్ల. 6 లక్షలకు 14 శాతం. హేచరీలో 'లక్ష' కూడా గిన్నె లెక్కే, పైన కొసరు వేస్తారు, కాబట్టి ఈ శాతాన్ని రెండు మూడు పాయింట్లు అటూ ఇటూగా తీసుకోండి.

ఖర్చు: ఎరువులు 700, స్పాను, రవాణా 7,200, మేత 3,100.
ఇప్పటివరకు: రూ. 20,950. పిల్ల: 84,000. పిల్లకు సుమారు 25 పైసలు.

దశ 4: ఎక్కడ పోయాయి

నీరు తిరగబడ్డంవల్లే పోయాయని గట్టు మీద అందరూ తేల్చేశారు. ఆక్సిజన్ 1.2 చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ టార్చి వెలుతురులో తగ్గుదల ముసురుకు ముందే, నాలుగో రాత్రే కనిపించింది. ఆ రోజే నేను కొన్ని స్పాను పట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆ వయసులో స్పాను శరీరం అద్దంలా ఉంటుంది. రెండు నల్లటి కళ్లు, వాటి వెనక గాలితిత్తి, దాని కింద పేగు ఒక గీతలా తోక దాకా. తిన్నది ఏదైనా ఆ గీతలో రంగుగా కనిపించాలి. చూసిన వాటిలో ఎక్కువవాటికి ఆ గీత ఖాళీ. కొన్నింటిలో పచ్చటి చుక్క ఒకటి అరా. మేత పొడి కూడా పెద్దగా కనిపించలేదు. ఆ నోటికి పట్టే మేత రోటిఫర్లు, సైక్లాప్స్ అనే సన్నటి నీటి పురుగు పిల్లలు, అంటే నాప్లియస్‌లు, అంతే.

ఎరువు వేసిన ఆరో రోజు గొట్టం ఫార్మలిన్‌లో దాచి ఉంది. దాన్ని మళ్లీ తీసి, తేలినదీ అడుగునున్నదీ విడగొట్టి కొలిచాను.

పైన తేలినది, ఆకుపచ్చ, జిగురు: 1.7
అడుగున బూడిదరంగు మట్టి: 0.4
మట్టి మీద నలకలుగా జంతు ప్లాంక్టన్: 0.3

మొత్తం 2.4 అన్న అంకె సరైనదే, కానీ అందులో మేత 0.3. ఆ పచ్చది మైక్రోస్కోపులో జిగురులో చుట్టుకున్న సన్నటి చుక్కల ముద్దలుగా కనిపించింది, మైక్రోసిస్టిస్ అనే నాచు. వేళ్ల మధ్య రుద్దితే పచ్చరంగు అంటుతుంది, జారుతుంది. దీన్ని స్పాను తినదు, రోటిఫర్లకూ ఇష్టం లేదు.

యూరియా, సూపర్ ఫాస్ఫేట్ నేరుగా నాచుకు పోతాయి. నాచు దట్టంగా పెరిగితే పగలు కార్బన్ డయాక్సైడు లాగేసి పీహెచ్ పెంచుతుంది, రాత్రి ఆక్సిజన్ లాగేస్తుంది. పీహెచ్ పెరిగితే ఇంకో చిక్కు ఉంది. నీటిలో ఉన్న మొత్తం అమ్మోనియాలో విషపు వాటా, 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 8 దగ్గర పదోవంతుకు లోపే. 9.4 దగ్గర అదే సగం దాటుతుంది. స్పాను ఆకలితో పోయిందా, అమ్మోనియాతో పోయిందా అంటే రెండూ కలిసి అనే నా అభిప్రాయం. ముసురు మిగిలినవాటిని తీసుకుపోయింది.

అప్పటినుంచి గొట్టంలో మూడు అంకెలు రాస్తున్నాం: తేలినది, మట్టి, నలకలు. మూడోదే లెక్కలోకి. ఫార్మలిన్ వేయకముందు ఇంకో పరీక్ష కూడా చేయొచ్చు. గొట్టాన్ని చీకటి గదిలో పెట్టి ఒక పక్క నుంచి టార్చి వేస్తే, బతికున్న జంతు ప్లాంక్టన్ వెలుతురు వైపు గుమిగూడుతుంది, మట్టి కదలదు.

దశ 5: రెండో విడత

చెరువు ఖాళీ చేసి, నాలుగు రోజులు ఎండనిచ్చి మళ్లీ నింపాం. ఈసారి యూరియా లేదు. హెక్టారుకు వేరుశనగ చెక్క 750, పేడ 200, సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోలు అన్న పద్ధతి పట్టుకున్నాం. మాకు వరసగా 150, 40, 10.

1. అందులో సగం (చెక్క 75, పేడ 20, సూపర్ 5) డ్రమ్ములో నీరు పోసి రాత్రంతా నానబెట్టాలి.
2. చిక్కటి ముద్దను పలచన చేసి చెరువంతా చల్లాలి. ఒకేచోట పోస్తే అక్కడే కుళ్లుతుంది.
3. మిగతా సగం స్పాను వేశాక, నీటిని చూసుకుంటూ విడతలుగా.

చెక్క కుళ్లితే మొదట బ్యాక్టీరియా, వాటి వెంట రోటిఫర్లు. మగ లేకుండానే ఆడవి గుడ్లు పెట్టి, ఈ వేడిలో ఒకటి రెండు రోజుల్లో ఇంకో తరం తయారవుతుంది. మొయినా అనే నీటి ఈగకు నాలుగైదు రోజులు పడుతుంది, సైక్లాప్స్‌కు ఇంకా ఎక్కువ. అంటే స్పాను నోటికి పట్టే మేత ముందొస్తుంది, పట్టనిది తర్వాతొస్తుంది. పెద్ద సైక్లాప్స్ అయితే మేత కావడం అటుంచి స్పానునే పట్టుకుంటాయి. ఆలస్యం చేస్తే నీటిలో ప్లాంక్టన్ ఎక్కువగానే ఉంటుంది, తినేదే తక్కువ.

విత్తనంగా పక్క చెరువు నుంచి 20 లీటర్ల నీరు తెచ్చి, దశ 2లో పక్కన పడేసిన వాయిల్ గుడ్డలో వడబోసి పోశాం. పెద్ద పురుగులు గుడ్డలో మిగిలాయి, రోటిఫర్లు దిగాయి. గుడ్డ దండగ పోలేదు.

ముద్ద చల్లాక, నలకల అంకె మాత్రమే:
2వ రోజు 0.2
3వ రోజు 0.7, బ్రాకియోనస్ రోటిఫర్లు, కొన్నింటికి వెనక గుడ్లు
4వ రోజు 1.3

డిస్కు 41 దగ్గరే ఉంది. నీరు లేత గోధుమ పచ్చ, గట్టు మీద నుంచి చూస్తే పలచగా ఉంది. "ఈ నీళ్లలో ఏం తింటాయిరా" అని బాబాయి మొహం చిట్లించాడు. ఫోనులో బ్రాకియోనస్ చూపిస్తే "ఇదా, ఇంత హడావిడిగా తిరుగుతోందేంటి" అని కాసేపు చూసి, మళ్లీ చెరువు వైపు చూసి ఊరుకున్నాడు.

స్పానుకు ముందు పురుగులు తీయాలి. వెల్లకిలా ఈదే నీటిపురుగులు పైకి గాలికి వస్తాయి, మేం చూసినవి తరచుగానే వచ్చాయి. సబ్బు–నూనె పొర ఆ గాలి అందకుండా చేస్తుంది. హెక్టారుకు సబ్బు 18, నూనె 56 కిలోలు. మాకు 3.6, 11.2. స్పాను వేసే ముందు రోజు చల్లాలి. ఉదయం చల్లితే పడమటి గాలికి పొరంతా గంటలో తూర్పు గట్టుకు చేరింది. సగం మిగిల్చి ఉంచాం కాబట్టి గాలి పడిపోయాక, చీకటి పడుతుండగా మిగతాది చల్లాం. తెల్లారి అంచున చచ్చిన పురుగులు చేటతో ఎత్తాం.

మళ్లీ 6 లక్షలే వేశాం. అదే హేచరీ, అదే మేత. మేత కూడా మార్చి ఉంటే దేనివల్ల తేడా వచ్చిందో చెప్పలేకపోయేవాళ్లం. మూడో రోజు పేగు గీత చూస్తే ముదురు గోధుమ రంగులో నిండుగా ఉంది, రోటిఫర్ల పెంకు ముక్కలు తెలుస్తున్నాయి.

ఏడో రోజు నలకలు 0.4కి పడ్డాయి, తినేస్తున్నాయి మరి. మిగతా సగం ముద్దలో నుంచి మూడోవంతు చల్లాం. మబ్బు రోజున చల్లలేదు. చెక్క కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి, మబ్బు రోజున అది ముందే తక్కువ. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎప్పుడూ 2.8 కంటే కిందికి పోలేదు.

పట్టుబడి: గిన్నెకు సగటున 430, మొత్తం 600 గిన్నెలు. 2,58,000 పిల్ల, 43 శాతం. సైజు ఒకేలా లేదు. అంగుళం దాటినవి ఉన్నాయి, ముప్పావు దగ్గర ఆగినవీ ఉన్నాయి. తొమ్మిదో రోజు తర్వాత నీటిలో సైక్లాప్స్ పెరిగి మిగతావి తగ్గాయి, వెనకబడినవి అక్కడే వెనకబడ్డాయని అనుకుంటున్నాను. ఇది నిరూపించలేదు.

ఖర్చు: చెక్క 7,200, సబ్బు, నూనె 1,700, డీజిలు 1,900, స్పాను 7,200, మేత 3,100. ఈ విడతకు 21,100, పిల్లకు 8 పైసలు.
ఇప్పటివరకు: రూ. 42,050. పిల్ల: 3,42,000. రెండు విడతలూ కలిపి పిల్లకు 12 పైసలు.

చెక్క ఖరీదు యూరియాకు ఎన్నో రెట్లు. బస్తా లెక్క చూసే వాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. పిల్ల లెక్క చూడమనే నా మాట.

దశ 6: మూడో విడత, నడుస్తోంది

మార్చినవి:

1. స్పాను 6 లక్షల నుంచి 5 లక్షలకు తగ్గింపు. ఏడో రోజు మేత కరువు ఎంత తగ్గుతుందో చూడాలి.
2. రెండో సగం ముద్ద ఏడో రోజున కాకుండా అయిదో రోజు నుంచే, కొంచెం కొంచెంగా.
3. సబ్బు–నూనె సాయంత్రమే.
4. ఎనిమిదో రోజు నుంచి మేతను సన్నటి జల్లెడ పట్టి వేయడం, వెనకబడిన పిల్లకు అందుతుందేమోనని.

ముద్ద చల్లి మూడు రోజులైంది. ఈ ఉదయం తేలినది 0.2, మట్టి 0.5, నలకలు 0.8. రాత్రి వాన పడింది, మట్టి అందుకే. హేచరీలో రేపు తీసుకోకపోతే మళ్లీ నాలుగు రోజులకు గానీ స్పాను లేదు. అప్పటికి మొయినా, సైక్లాప్స్ మొదలైపోతాయి. రేపు తెద్దామని బాబాయి, 1 దాటలేదు కదా అని నేను. సాయంత్రం ఇంకో 50 లీటర్లు వడకట్టి, రోటిఫర్లలో గుడ్లున్నవి ఎన్నో లెక్కపెట్టి చూస్తాను. సగం పైన గుడ్లతో ఉంటే రేపటికి 1 దాటుతుంది, హేచరీకి ఫోను చేసేస్తాం.